ప్రొసెక్కో బ్రూట్, ఫ్రాంచాకోర్తా బ్రూట్: పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే ఎలా?

కొత్తగ్లాసు:

అందరికీ నమస్కారం అండి. వచ్చే శనివారం నలుగురం కూర్చుని రెండు ఇటాలియన్ బుడగల వైన్లు పక్కపక్కన పెట్టి రుచి చూద్దామనుకుంటున్నాం. ఒకటి ప్రొసెక్కో డీఓసీ, రెండోది ఫ్రాంచాకోర్తా డీఓసీజీ (ఈ రెండూ ఏ ప్రాంతంలో, ఏ నియమాలతో చేశారో చెప్పే ఇటలీ ముద్రలట). రెండింటి మీదా బ్రూట్ అనే ఉంది. ధరలో మాత్రం రెట్టింపుకు పైనే తేడా.

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పాలి. రెండూ బ్రూటే అయితే తీపి కూడా సమానమేనా? కొట్లో ఎక్స్‌ట్రా డ్రై అని ఇంకో ప్రొసెక్కో కనబడింది, అది బ్రూట్ కన్నా డ్రైగా, అంటే తీపి తక్కువగా ఉంటుందా? ఇలాంటి వైన్ ఎప్పుడు నోట్లో పోసుకున్నా నాకు ముక్కులో గ్యాస్ ఘాటు, నాలుక మీద పులుపు, ఈ రెండే తెలుస్తాయి. బేరిపండు, బాదం, బ్రెడ్ అని రాసేవాళ్లకు అవన్నీ ఎక్కడ దొరుకుతున్నాయో అర్థం కాదు. ఒకే సీసాలోంచి పోసినా ఒక గ్లాసులో బుడగలు వరసకట్టి పైకొస్తాయి, పక్క గ్లాసులో ఏమీ ఉండదు, ఎందుకలా? ఎంత చల్లబరచాలి? నంజుకోవడానికి మిర్చి బజ్జీలు అనుకుంటున్నాం, పనికొస్తాయా?

గుక్కెడు:

ముందు లేబుల్ సంగతి తేల్చుకుందాం. ఐరోపా నిబంధనల్లో ఈ పేర్లన్నీ లీటరుకు ఎన్ని గ్రాముల చక్కెర మిగిలిందో దాన్నిబట్టి పెట్టినవి. 3 గ్రాముల లోపు ఉండి చివర్లో చక్కెర ఏమీ కలపకపోతే బ్రూట్ నేచర్. ఇటలీవాళ్లు దీన్నే దొసాజ్జో జీరో అని కూడా రాస్తారు. 6 వరకు ఎక్స్‌ట్రా బ్రూట్, 12 లోపు బ్రూట్, 12 నుంచి 17 ఎక్స్‌ట్రా డ్రై, 17 నుంచి 32 డ్రై, ఆ పైన 50 వరకు దెమి సెక్. అంటే మీరు కొట్లో చూసిన ఎక్స్‌ట్రా డ్రై బ్రూట్ కన్నా తియ్యగా ఉంటుంది, ఉత్త డ్రై అయితే ఇంకా తీపి. తీపి అస్సలు వద్దనుకునేవాళ్లు డ్రై అన్న మాట చూసి కొని దెబ్బతినేది ఇక్కడే. ప్రొసెక్కో పండే వాల్దొబ్బియాదెనె కొండల్లో 107 హెక్టార్ల కార్తిత్సె అనే పేరున్న ద్రాక్షతోటల చెక్క ఉంది. అక్కడి ఖరీదైన సీసాల మీద చాలాకాలం ఈ డ్రై అన్న మాటే ఎక్కువగా కనబడేది.

ఇక రెండు బ్రూట్‌లు సమానమా అంటే, కానక్కర్లేదు. సున్నా నుంచి 12 దాకా ఏదైనా బ్రూట్ కిందికే వస్తుంది. పైగా లేబుల్ మీది తరగతికీ అసలు లెక్కకూ మధ్య 3 గ్రాముల వరకు తేడాను చట్టమే ఒప్పుకుంటుంది. 5 గ్రాముల బ్రూట్, 11 గ్రాముల బ్రూట్ ఒకే బల్ల మీద పెడితే కొత్తవాళ్లకు కూడా తేడా తెలిసిపోతుంది. చాలామంది తయారీదారులు తమ సైట్‌లో టెక్నికల్ షీట్ పెడతారు. అందులో మిగులు చక్కెర, మొత్తం ఆమ్లం అని రెండు అంకెలుంటాయి. రాసి పెట్టుకోండి, కానీ రుచి చూడటం అయ్యేదాకా మిగతా ముగ్గురికీ చెప్పొద్దు. అంకె తెలిశాక నాలుక దాని వెంటే పోతుంది.

ధర తేడా తయారీలోంచి వచ్చింది. ప్రొసెక్కోలో కనీసం 85 శాతం గ్లెరా ద్రాక్ష ఉండాలి. డీఓసీ ప్రాంతం వెనెతో, ఫ్రియులి వెనెత్సియా జూలియాల్లో కలిపి తొమ్మిది జిల్లాలు. బుడగలు పుట్టించే రెండో పులియబెట్టడం ఆటోక్లేవ్ అనే స్టీలు ట్యాంకులో, ఒత్తిడి కింద, ఎక్కువగా కొన్ని వారాల్లో అయిపోతుంది. తర్వాత వడగట్టి, ఒత్తిడి పోకుండానే సీసాల్లోకి ఎక్కిస్తారు. ఈ పద్ధతికి 1895లో పేటెంట్ తీసుకున్నది ఇటలీలోని ఆస్తి (Asti) అనే ఊళ్లో పనిచేసిన ఫెదెరికో మార్తినొత్తి. 1907లో యూజీన్ షార్మా మెరుగుపరిచాడు కాబట్టి ఫ్రెంచివాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారు. ట్యాంకు వాడటం ఖర్చు తగ్గించుకోవడానికే అనుకోవద్దు. గ్లెరా సువాసన పలుచన, ఈస్ట్ మడ్డి (పులిశాక అడుగున దిగే చచ్చిన ఈస్ట్) మీద ఏళ్లతరబడి పెడితే అది మాసిపోతుంది. తాజాదనం నిలబెట్టడానికి ట్యాంకే సరైన చోటు.

ఫ్రాంచాకోర్తా దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. లొంబార్దీయలో బ్రెష్చా జిల్లా, ఇసేఒ సరస్సుకు దక్షిణాన ఉన్న గుట్టలు. ద్రాక్షల్లో షార్డొనే, పినో నేరో, పినో బియాంకో ప్రధానం. ఎర్బమాత్ అనే పాత స్థానిక రకాన్ని 10 శాతం వరకు కలపనిస్తారు. రెండో పులియబెట్టడం మనం కొనే ఆ సీసాలోనే జరుగుతుంది. మామూలు రకం ఈస్ట్ మడ్డి మీద కనీసం 18 నెలలు, ఒత్తిడి తక్కువుండే సతేన్, గులాబీరంగు రోజే 24 నెలలు, ఏడాది పేరు వేసిన మిల్లెజిమాతో 30, రిజర్వా 60 నెలలు ఉండాలి. ఆ కాలంలో చచ్చిన ఈస్ట్ కణాలు విచ్చుకుని తమ సారాన్ని వైన్‌లోకి వదులుతాయి. మీరు చదివిన బ్రెడ్, బాదం అక్కణ్నుంచి వచ్చేవే. కాబట్టి ప్రొసెక్కోలో బ్రెడ్ కోసం వెతక్కండి, దొరకదు. దొరికేది సుయి లియెవితి అని రాసి, అడుగున మడ్డి కనబడే రకంలో మాత్రమే. అది వేరే కథ, మీ బల్ల మీద లేదు.

నిమ్మచెట్టు:

గుక్కెడు గారు లేబుల్ చెప్పారు కాబట్టి నేను పులుపు ప్రశ్న తీసుకుంటాను.

చల్లదనం తీపిని అణిచేస్తుంది. గ్యాస్ నీళ్లలో కార్బోనిక్ ఆమ్లమై పులుపును పెంచుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల బ్రూట్‌ను సన్నటి గ్లాసులో పోసుకుని ఒక్క గుక్కలో మింగితే పులుపు, ఘాటు తప్ప ఇంకేమీ తగలదు. మీ నాలుకలో లోపం ఏమీ లేదు. విడివిడిగా గుర్తుపట్టడం అలవాటు చేస్తే సరిపోతుంది. దానికి వైన్ ఖర్చుపెట్టక్కర్లేదు, నిమ్మకాయలు చాలు.

ఒక్కో గ్లాసులో 25 మి.లీ. నిమ్మరసం, మిగతా నీళ్లతో మొత్తం 250 మి.లీ. చేయండి. నిమ్మరసంలో ఆమ్లం దాదాపు 6 శాతం, కాబట్టి ఇది లీటరుకు 6 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, డ్రై బుడగల వైన్ల పులుపు కూడా ఆ చుట్టుపక్కలే. ఇలాంటివి మూడు గ్లాసులు పెట్టుకోండి. మొదటిదాంట్లో చక్కెర వద్దు. రెండోదాంట్లో 1.5 గ్రాములు, అంటే లీటరుకు 6. మూడోదాంట్లో 4 గ్రాములు, అంటే లీటరుకు 16, ఎక్స్‌ట్రా డ్రై స్థాయి. తలకొట్టిన టీస్పూను సుమారు 4 గ్రాములు. 1.5కి వంటింటి తూకం ఉంటే మంచిది. మూడూ ఒకే చల్లదనంలో రుచి చూడండి. రెండోది మీకు తియ్యగా అనిపించదు, మొదటిదాని కన్నా పులుపు మొన కాస్త విరిగినట్టు ఉంటుంది, అంతే. బ్రూట్‌లో చక్కెర చేసే పని అదే. మూడోదాంట్లో మాత్రం మింగిన తర్వాత పెదాల మీద తీపి నిలుస్తుంది. ఇప్పుడు రెండో గ్లాసునే నీళ్లకు బదులు ఉప్పు లేని సోడాతో చేసి చూడండి. చక్కెర అంతే, నిమ్మరసం అంతే, అయినా పుల్లగా, పలచగా మారిపోతుంది. ఆ తేడా గ్యాస్‌ది.

ఇక అసలు వైన్ దగ్గరికి వస్తే, గ్లాసును ఎర్ర వైన్‌లా గిరగిరా తిప్పొద్దు. తిప్పితే గ్యాస్ ఒక్కసారిగా లేచి ముక్కులో గుచ్చుతుంది, మీరన్న ఘాటు అదే. పోసిన తర్వాత నురగ దిగే వరకు ఆగి, ముక్కును గ్లాసు లోపలికి దింపకుండా అంచు మీదుగా పొట్టి పొట్టి ఊపిర్లు పీల్చండి. మొదట తేలేది పువ్వులు, పండ్లు: ప్రొసెక్కోలో పచ్చటి ఆపిల్, బేరిపండు, తెల్లటి పూల వాసన, ఒక్కోసారి నిమ్మతొక్క. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, పదిహేను నిమిషాలకు ఇంకోసారి. ఫ్రాంచాకోర్తా ఆలస్యంగా విప్పుకుంటుంది. మొదటి ఊపిరికి ఉత్త నిమ్మజాతి వాసన, సుద్దలాంటిదేదో ఉంటుంది. వేడెక్కేకొద్దీ రొట్టె పైపెచ్చు, పచ్చి బాదం, వెన్న వాసనలు లేస్తాయి.

నోట్లోకి ఒక టేబుల్‌స్పూను మోతాదు తీసుకుని అయిదారు సెకన్లు అలాగే ఉంచండి. మామూలు వైన్‌కు చేసినట్టు గాలి పీల్చి పుక్కిలించారంటే నోరంతా నురగ నిండి ఊపిరాడదు. మొదట గ్యాస్ తగులుతుంది: సూదుల్లా గుచ్చుతోందా, మెత్తగా విప్పుకుని క్రీములా ఉందా చూడండి. తర్వాత దవడల పక్క లాలాజలం ఊరుతుంది, అది పులుపు లెక్క. ఎంత త్వరగా, ఎంతసేపు ఊరిందో గమనించండి. మింగిన తర్వాత నాలుక వెనక సన్నటి చేదు వస్తుంది. మంచి డ్రై ప్రొసెక్కోలో అది పచ్చి బాదం పొట్టులా ఉండి ఆకలి పుట్టిస్తుంది. చేదు గరుకుగా నాలుకకు పట్టుకుంటే ద్రాక్షను గట్టిగా పిండేశారని అనుమానించవచ్చు. చివరిగా, వాసన నోట్లో ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. ఈ ఒక్క చోటే రెండు సీసాల ధర తేడా సూటిగా తెలుస్తుంది.

ఒక కిటుకు కూడా చెబుతాను. ప్రతి సీసాలోంచి 50 మి.లీ. విడిగా తీసి, రెండు గ్లాసుల మధ్య ఇటూ అటూ పదిసార్లు పోయండి. గ్యాస్ చాలావరకు పోతుంది. ప్రయోగశాలల్లో కూడా కొలతలకు ముందు గ్యాస్ తీసేస్తారు. ఆ చప్పటి వైన్ రుచి చూస్తే బుడగల వెనక దాక్కున్నదంతా బయటపడుతుంది: చక్కెర ఎక్కువైతే ఎక్కువని, అసలు వైన్ నీళ్లలా ఉంటే నీళ్లని. గ్యాస్ లేకుండా కూడా తాగబుద్ధి వేస్తే అది మంచి వైనే.

మూడోబిరడా:

చల్లబరచడం, తెరవడం, గ్లాసులు నా వంతు.

ప్రొసెక్కో 6 నుంచి 8 డిగ్రీలు, ఫ్రాంచాకోర్తా 8 నుంచి 10. ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు నిలబెట్టి ఉంచండి. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ప్రొసెక్కోను వడ్డించే ముందు పది నిమిషాలు, ఫ్రాంచాకోర్తాను ఇరవై నిమిషాలు బయట పెట్టండి. మన ఎండాకాలం గదిలో అయితే ఆ టైమ్ సగం చాలు, పోసిన వైన్ కూడా చూస్తుండగానే వేడెక్కుతుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాను మెడ వరకు ముంచండి, 20 నుంచి 30 నిమిషాల్లో అయిపోతుంది. ఉత్త ఐసు ముక్కలు సీసాకు అక్కడక్కడా ఆనుతాయి తప్ప చల్లదనం అందదు, నీళ్లుండాలి.

తెరిచేటప్పుడు జాగ్రత్త. ప్రొసెక్కో సీసాలో మామూలుగా 5 బార్ దరిదాపుల్లో ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి రెట్టింపు. ఫ్రాంచాకోర్తాలో ఇంకాస్త ఎక్కువ, సతేన్ రకంలో మాత్రం 5 మించకూడదని నియమం. పైన రేకు తీశాక బొటనవేలు కార్క్ మీద నొక్కి పెట్టి, తీగ చెవిని ఆరు అరచుట్లు తిప్పి వదులు చేయండి. తీగను పూర్తిగా తీసేయక్కర్లేదు, దానితో సహా కార్క్‌ను గుప్పిట్లో పట్టుకోవడం మేలు. సీసాను 45 డిగ్రీలు వంచి, కార్క్‌ను కదపకుండా సీసా అడుగును పట్టుకుని తిప్పండి. కార్క్ తనంతట తాను బయటికి తోసుకొస్తుంది, మీరు వెనక్కి ఆపుతూ ఉండాలి. చివర్లో చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు రావాలి. టప్‌మని పేలిందంటే గ్యాస్ వృథా, కొంత వైన్ కూడా. సీసా మూతి మనుషుల వైపు, ట్యూబ్‌లైటు వైపు ఉండకూడదు. తెరవగానే పొంగి పోయిందంటే సీసా వేడిగా ఉండి ఉంటుంది లేదా కుదుపులు తిని ఉంటుంది. ఇంటికి తెచ్చిన రోజే తెరవకండి, ఒక రోజు కదపకుండా నిలబెట్టండి.

ఇప్పుడు మీ బుడగల చిక్కుముడి. బుడగ గాలిలోంచి ఊడిపడదు, పుట్టడానికి దానికో చోటు కావాలి. గ్లాసు గోడకు అంటుకున్న కంటికి కనబడని నూలుపోగులే ఆ చోటు. ఆ పోగు లోపల చిక్కుకున్న గాలిలోకి గ్యాస్ చేరి, ఉబ్బి, తెగి పైకొస్తుంది. అలా ఒకే చోటు నుంచి వరసగా వస్తాయి. నూలు గుడ్డతో తుడిచిన గ్లాసులో పోగులెక్కువ, బుడగలెక్కువ. కడిగి బోర్లించి ఆరబెట్టిన గ్లాసులో పోగులుండవు, వైన్‌లో గ్యాస్ నిండుగా ఉన్నా బుడగలు కనబడవు. మీ రెండు గ్లాసుల తేడా నూటికి తొంభై పాళ్లు ఇదే. నోట్లో పోసుకుంటే రెండూ ఒకేలా చురుక్కుమంటాయి, చూడండి. కాబట్టి బుడగల వరసను చూసి వైన్‌కు మార్కులు వేయకండి.

పైన నురగ అసలు నిలబడకుండా చప్పున చచ్చిపోతుంటే అది వేరే సమస్య, సబ్బు. పాత్రల లిక్విడ్ పలచటి పొరగా మిగిలితే నురగ విరిగిపోతుంది. పెదాలకు ఉన్న లిప్‌స్టిక్, బజ్జీ నూనె కూడా అదే పని చేస్తాయి. గ్లాసులను సబ్బు లేకుండా వేడినీళ్లతో రెండుమూడుసార్లు తొలిచి, బోర్లించి ఆరబెట్టి, చివర్లో ఉతికిన నూలు గుడ్డతో లోపల ఒక్కసారి తుడవండి. అన్ని గ్లాసులకూ ఒకే గుడ్డ.

గ్లాసు ఆకారం: వెడల్పు నోరున్న చదునైన సాసర్ గ్లాసు వద్దు, వాసన క్షణాల్లో పోతుంది. సన్నటి పొడవాటి ఫ్లూట్ బుడగలు చూడటానికే తప్ప వాసనకు పనికిరాదు. మధ్యలో బొద్దుగా ఉండి పైన కాస్త మూసుకున్న తులిప్ ఆకారం కావాలి. లేకపోతే మామూలు తెల్ల వైన్ గ్లాసు చక్కగా సరిపోతుంది. గ్లాసును వంచి, గోడ వెంబడి మెల్లగా పోయండి. నిటారుగా పోసినదాంట్లో కన్నా గ్యాస్ ఎక్కువ నిలుస్తుంది. మూడో వంతుకు మించి పోయొద్దు.

కొత్తగ్లాసు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నిమ్మకాయల పరీక్ష శుక్రవారమే పెట్టేస్తాం. ఇంకో మూడు సందేహాలు. ప్రొసెక్కో సీసా పారదర్శకంగా ఉంది, కొట్లో లైట్ల కింద అరలో ఉన్నది తెచ్చాం, పర్వాలేదా? పాడైన వైన్‌కూ నాకు నచ్చని వైన్‌కూ తేడా ఎలా పట్టాలి? మిగిలిపోతే సీసా మూతిలో చెంచా వేలాడదీస్తే గ్యాస్ పోదంటారు, నిజమేనా?

తీరంగాలి:

పారదర్శక సీసా, ట్యూబ్‌లైట్లు, ఈ రెండూ కలిస్తే నాకు భయమే. వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) వెలుతురు తగిలి, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలను విరగ్గొడుతుంది. ఉడికిన క్యాబేజీ, తడిసిన ఉన్ని వాసనలు పుడతాయి. ఇది జరగడానికి నెలలు పట్టదు. ముదురు రంగు సీసాలో ముప్పు చాలా తక్కువ. ఇకమీదట కొనేటప్పుడు అర ముందు వరసలోది కాకుండా అట్టపెట్టెలోంచి తీసివ్వమని అడగండి. మీరు తెచ్చినదాన్ని వెలుతురు తగలకుండా పెట్టి తెరిచి చూడండి, ప్రతి సీసా పాడైపోదు.

తెరిచాక మొదట కార్క్ చూడండి. కొత్త సీసా కార్క్ బయటికి రాగానే అడుగుభాగం విచ్చుకుని పుట్టగొడుగులా అవుతుంది. ఏళ్లతరబడి సీసాలో ఇరుక్కున్నదైతే సన్నగా మేకులా అలాగే ఉండిపోతుంది. ఫ్రాంచాకోర్తాకు అది తప్పు కాకపోవచ్చు, మామూలు ప్రొసెక్కోకు మాత్రం చెడ్డ గుర్తు. ప్రొసెక్కోను ద్రాక్ష కోసిన ఏడాది నుంచి రెండేళ్లలోపు తాగేయాలి. మిల్లెజిమాతో అని రాసి ఏడాది వేసి ఉంటే పని తేలిక, అందులో కనీసం 85 శాతం ఆ ఏటి ద్రాక్షే. ఫ్రాంచాకోర్తా వెనక లేబుల్ మీద స్బొక్కాతూరా అని నెల, ఏడాది ఉందేమో చూడండి. మడ్డి తీసేసి చివరి కార్క్ వేసిన తేదీ అది. అప్పట్నుంచి ఒకటి రెండేళ్లలో తాగితే మామూలు బ్రూట్ మంచి స్థితిలో ఉంటుంది.

వాసనల్లో గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు. తడిసిన అట్టముక్క, బూజు పట్టిన నేలమాళిగ: కార్క్ దోషం. గ్యాస్ ఆ వాసనను ముక్కు దాకా మోసుకొస్తుంది కాబట్టి బుడగల వైన్‌లో తొందరగా తెలుస్తుంది, ఎంతసేపు ఉంచినా పోదు, పైగా పెరుగుతుంది. గీసిన అగ్గిపుల్ల, కొద్దిగా కుళ్లు గుడ్డు: గాలి తగలక వచ్చింది, పది నిమిషాల్లో పోతే దోషం కాదు. ఇక్కడ మాత్రం గ్లాసు కాస్త తిప్పవచ్చు. దెబ్బతిని గోధుమరంగుకు తిరిగిన ఆపిల్, పైగా వైన్ రంగు ముదురు పసుపు: గాలికి, వయసుకు పాడైంది. నాలుగోది మన దగ్గర ఎక్కువ, వేడి దెబ్బ. 40 డిగ్రీల ఎండలో లారీలోనో, ఏసీ లేని గోదాములోనో ఉన్న సీసా. ఉడికించిన పండు, జామ్ వాసన వస్తుంది, గ్యాస్ బలహీనం, తాజాదనం సున్నా. తెరవకముందే కార్క్ పైకి తోసుకొచ్చి తీగను బిగదీసినట్టున్నా, రేకు కింద జిగురుగా ఉన్నా కొనకండి.

ఇవేవీ లేకుండా పుల్లగా, చేదుగా ఉండి నచ్చకపోతే అది దోషం కాదు, మీ అభిరుచి. ఎక్స్‌ట్రా డ్రై తెచ్చుకోండి, తప్పేం లేదు.

చెంచా కబురు ఉత్తదే. గ్యాస్‌ను పట్టి ఉంచేది చల్లదనం, గట్టి మూత. బుడగల సీసాల కోసం రెండు పక్కలా కొక్కేలు ఉండే లోహపు మూత దొరుకుతుంది, అది బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే ఫ్రాంచాకోర్తా రెండు మూడు రోజులు బాగుంటుంది. ప్రొసెక్కోలో గ్యాస్ నిలిచినా మర్నాటికి పూల వాసన సగం పోతుంది. పాత కార్క్‌ను తిరిగి దూర్చే ప్రయత్నం చేయొద్దు, వాచిపోయి పట్టదు. పట్టినా ఎప్పుడో ఎగిరి పడుతుంది.

వంటింటికిటికీ:

మిర్చి బజ్జీ దగ్గర ఆగండి. నూనె, శెనగపిండి, ఉప్పు, ఇవి బ్రూట్‌కు ఎంతో ఇష్టమైనవి. పులుపు, బుడగలు కలిసి నూనెను నాలుక మీంచి కడిగేస్తాయి. తంటా అంతా మిరపకాయతోనే. గ్యాస్ కూడా నోట్లో మంట తెలిపే నరాలనే రెచ్చగొడుతుంది, మిర్చి మంట మీద బుడగలు పోస్తే మంట రెట్టింపు. డ్రై వైన్‌లో ఆ మంటను ఆర్పేంత చక్కెర ఉండదు. రెండు గుక్కల తర్వాత మీకు రెండు సీసాల తేడా ఏమీ తెలియదు. అదే బజ్జీ అరటికాయతోనో, వంకాయతోనో వేయండి, కారం లేకుండా ఉప్పు, వాము చాలు. ఉల్లిపాయ పకోడీలో పచ్చిమిర్చి మానేసి వేసినా బాగుంటుంది. వెనిస్‌వాళ్లు కూడా ప్రొసెక్కోతో వేపుడు చేపలు, రొయ్యలే తింటారు. పసుపు, ఉప్పు, మిరియాలతో వేయించిన చిన్న రొయ్యలు ఆ దారిలోవే. ఫ్రాంచాకోర్తాకు ముదిరిన గట్టి చీజ్, గ్రానా పదానో లాంటిది చిన్న ముక్కలుగా పెట్టండి, ఆ బాదం రుచి ఇంకా స్పష్టంగా తేలుతుంది.

చింతపండు పులుసు, గోంగూర వద్దు. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పగా, నీళ్లలా అయిపోతుంది. ప్రొసెక్కో అసలే మెత్తన. ఇక కేక్ కోస్తూ బ్రూట్ తెరిచే అలవాటు మన ఫంక్షన్లలో ఉంది చూడండి, అంతకన్నా అన్యాయం ఆ వైన్‌కు ఇంకోటి లేదు. కేక్ తీపి ముందు 6 గ్రాముల చక్కెర ఏ మూలకు? నిమ్మరసం తాగినట్టు ముఖాలు పెడతారు. తీపికి ఆస్తి (Asti) లాంటి తియ్యటి బుడగల వైన్ వేరే ఉంది.

గుక్కెడు:

వంటింటికిటికీ గారూ, కారం పూర్తిగా నిషేధం అంటే నేను ఒప్పుకోను. 15 గ్రాముల చక్కెర ఉన్న ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కో, 11 శాతం ఆల్కహాల్, బాగా చల్లగా ఉంటే ఒక మోస్తరు కారాన్ని మోస్తుంది. ఆల్కహాల్ తక్కువ ఉండటం కూడా కలిసొస్తుంది, అది పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది కాబట్టి. తాగడానికి కూర్చుంటే బజ్జీతో అదే తెచ్చుకోండి. వీళ్లు పోల్చి చూడటానికి కూర్చుంటున్నారు కాబట్టి ఈ శనివారానికి మాత్రం మీ మాటే సరైంది.

కొత్తగ్లాసు:

మిర్చి రద్దు, అరటికాయ ఖాయం. చివరిగా, ఏది ముందు పోయాలి?

నిమ్మచెట్టు:

పలచనిది ముందు, బరువైనది తర్వాత అనే లెక్కన ప్రొసెక్కో ముందు రావాలి. తీపి తక్కువది ముందు అనే లెక్కన చూస్తే తిరగబడవచ్చు. మీ ప్రొసెక్కోలో 10 గ్రాములు, ఫ్రాంచాకోర్తాలో 4 ఉన్నాయనుకోండి, ఆ క్రమంలో తాగితే ఫ్రాంచాకోర్తా అనవసరంగా పుల్లబారుతుంది. అందుకని ముందూ వెనకా లేకుండా ఒక్కొక్కరి ముందు రెండు గ్లాసులూ ఒకేసారి పెట్టండి. తలా 60 మి.లీ. చొప్పున పోస్తే నలుగురికీ కలిపి ఒక్కో సీసాలో 240 మి.లీ. ఖర్చవుతుంది. ఎడమది ప్రొసెక్కో, కుడిది ఫ్రాంచాకోర్తా అని స్థిరంగా ఉంచి, ముందు రెండింటి వాసన, తర్వాత ఎడమ గుక్క, కుడి గుక్క, మళ్లీ ఎడమ. రెండోసారి ప్రొసెక్కోకు తిరిగొచ్చినప్పుడు తీపి బయటపడుతుంది. మధ్యలో మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు. బజ్జీలు, చీజ్ ఈ మొదటి విడత అయ్యాకే బల్ల మీదికి రావాలి, నూనె పెదాలతో మొదలుపెడితే మూడోబిరడా గారు చెప్పిన నురగ చూడలేరు.

రెండో విడత అరగంట తర్వాత. ఈసారి ఫ్రాంచాకోర్తాను 11, 12 డిగ్రీలకు రానివ్వండి, ప్రొసెక్కోను ఐసు నీళ్లలోంచే పోయండి. టెక్నికల్ షీట్ అంకెలు అప్పుడు చదవండి.